సబ్ ఉన్నట్టా, లేనట్టా? ఓడల కదలిక, సబ్‌మెరైన్ పోరు మీద తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో మా డాబా మీద గదిలో ఆదివారాలు బల్ల మీద మ్యాప్ పరిచి, బొమ్మలు, పాచికలతో యుద్ధం ఆట ఆడతాం. ఆ ఆటకు కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా నేల మీద యుద్ధం అరగంటలో అర్థమైపోతుంది. సముద్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొడవ మొదలవుతుంది. పాతవాళ్లం కూడా తక్కువేం కాదు. టీ చల్లారిపోయేదాకా ఒకే రూల్ మీద వాదించుకున్న రోజులున్నాయి. అందుకే మా గదిలో పదేపదే వినపడే ప్రశ్నలన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ముందే ఒక మాట. సబ్‌మెరైన్ (మేం సబ్ అంటాం) గురించి ఏ అనుమానం వచ్చినా మొదట అడగాల్సింది "ఇక్కడ ఎదుటివాడి డెస్ట్రాయర్, అంటే సబ్‌లను పట్టిచ్చే యుద్ధనౌక, ఉందా?" అని. సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

ఇంతకీ మీరు ఆడేది ఏ ఆట?

యాక్సిస్ అండ్ అల్లైస్, 1942 రెండో ఎడిషన్. 2012లో వచ్చిన పెట్టె. రెండో ప్రపంచ యుద్ధం, 1942 వసంత కాలం నుంచి మొదలు. ఐదు దేశాలు, ఈ వరసలో ఆడతాయి: సోవియట్ యూనియన్, జర్మనీ, బ్రిటన్, జపాన్, అమెరికా.

మా దగ్గరికి ఈ పెట్టె 2018లో వచ్చింది. ఆ అక్టోబరులో తిత్లీ తుఫాను వెళ్లాక కరెంటు లేని రాత్రుల్లో, పలాసలో మా పెద్దమ్మగారింట్లో లాంతరు పెట్టుకుని మొదటి ఆట ఆడాం. రూల్ పుస్తకం ఒకరు చదవడం, మిగతావాళ్లం వినడం. చదివినవాడు సబ్‌మెరైన్ పేజీ దాటేశాడని మూడు ఆటలయ్యాక గానీ తెలీలేదు.

వేరే ఎడిషన్ ఉన్నవాళ్లు జాగ్రత్త. 1984 నాటి పెట్టెలో అసలు డెస్ట్రాయర్ బొమ్మే లేదు. 2004 నాటి దాంట్లో ట్రాన్స్‌పోర్ట్ (సైన్యాన్ని మోసే ఓడ) కూడా పాచిక మీద 1 పడితే ఎదురు దెబ్బ కొడుతుంది. 1940 పెట్టెల్లో క్యారియర్ (విమానాలను మోసే ఓడ) మునగాలంటే రెండు దెబ్బలు పడాలి. ఇక్కడ రాసేదంతా మా పెట్టెకు చెందినదే.

ధరలు, బలాలు ఒకసారి చెప్పండి.

ఆటలో డబ్బుకు వేరే పేరుంది గానీ మేం రూపాయలనే అంటాం. సబ్ 6 రూపాయలు, దాడిలో 2, కాచుకోవడంలో 1. డెస్ట్రాయర్ 8 రూపాయలు, 2, 2. క్రూజర్ 12 రూపాయలు, 3, 3. క్యారియర్ 14 రూపాయలు, దాడిలో 1, కాచుకోవడంలో 2. బ్యాటిల్‌షిప్ 20 రూపాయలు, 4, 4, పైగా రెండు దెబ్బలు తట్టుకుంటుంది. ట్రాన్స్‌పోర్ట్ 7 రూపాయలు, అటూ సున్నా ఇటూ సున్నా. పాచిక వేస్తే ఆ అంకె గానీ అంతకన్నా తక్కువ గానీ పడితే దెబ్బ తగిలినట్టు.

ఓడ ఒక టర్నులో ఎంత దూరం వెళ్తుంది?

అన్ని ఓడలూ రెండు సీ జోన్లు, అంటే మ్యాప్‌లో సముద్రాన్ని విడగొట్టిన గళ్లు. బ్యాటిల్‌షిప్ పెద్దది కదా అని ఎక్కువ పోదు, ట్రాన్స్‌పోర్ట్ బరువు మోస్తోంది కదా అని తక్కువ పోదు.

కదలడానికి ఒక టర్నులో రెండు సందర్భాలుంటాయి. పోరుకు ముందు కదలిక ఒకటి, పోరు అయ్యాక కదలిక ఒకటి. ఓడ వీటిలో ఒక్కదాన్నే వాడుకోవాలి. ముందు ఒక జోన్ కదిలి, మిగిలిన ఒక్క జోన్ తర్వాత కదులుతానంటే కుదరదు. అది విమానాలకు మాత్రమే ఉన్న సదుపాయం. మా బావ ఇప్పటికీ మూడు వారాలకోసారి ఇది మర్చిపోతాడు, లేదా మర్చిపోయినట్టు నటిస్తాడు.

శత్రువు ఓడలున్న జోన్ గుండా దాటి వెళ్లొచ్చా?

వెళ్లకూడదు. శత్రువు యుద్ధనౌక ఉన్న జోన్‌లో అడుగు పెట్టగానే ఆగాలి, కొట్టుకోవాలి. అలాంటి జోన్‌లోకి పోరుకు ముందు కదలికలోనే వెళ్లాలి.

అయితే యుద్ధనౌకల లెక్కలోకి డెస్ట్రాయర్, క్రూజర్, క్యారియర్, బ్యాటిల్‌షిప్ మాత్రమే వస్తాయి. ఒక జోన్‌లో శత్రువు సబ్‌లు, ట్రాన్స్‌పోర్ట్‌లు మాత్రమే ఉంటే ఆ జోన్ ఖాళీగా ఉన్నట్టే. ఆగక్కర్లేదు, దాటుకుని పోవచ్చు. కావాలనుకుంటే ఆగి కొట్టొచ్చు.

అంటే సబ్ అడ్డం పడదా?

పడదు. మా గదిలో అందరికన్నా ఆలస్యంగా ఎక్కిన రూల్ ఇదే. "ఏటి బావా, ఆరు రూపాయలెట్టి కొన్నది దారికైనా అడ్డం పడదా?" అని నేనే కేకలేశాను ఒకసారి. నా జపాన్ సబ్ పక్క నుంచి అమెరికా నౌకాదళం మొత్తం పెళ్లి ఊరేగింపులా వెళ్లిపోయింది.

రూల్ వెనక ఉన్న ఆలోచన ఒక్కటే. సబ్ ఎవరికీ కనపడదు, కాబట్టి అది ఎవరినీ ఆపలేదు, దాన్నీ ఎవరూ ఆపలేరు. డెస్ట్రాయర్ వస్తే మాత్రం కనపడుతుంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతా రూల్స్ కంఠతా పట్టక్కర్లేదు, మనమే ఊహించుకోవచ్చు.

మరి సబ్ ఎలా కదులుతుంది?

శత్రువుల మధ్య నుంచే. బ్యాటిల్‌షిప్‌లు, క్యారియర్లు నిండిన జోన్ గుండా కూడా హాయిగా దాటి అవతలి జోన్‌కి పోవచ్చు, అది ఏ కదలికైనా సరే. కానీ ఆ జోన్‌లో శత్రువు డెస్ట్రాయర్ ఒక్కటుంటే అక్కడితో ఆగిపోవాలి.

ఇంకొకటి చాలామందికి తెలీదు. పోరు అయిపోయాక చేసే కదలికలో సబ్ వెళ్లి శత్రువు ఓడలున్న జోన్‌లోనే ఆగొచ్చు. పోరు జరగదు. వాళ్ల మధ్య చాపేసుకుని కూర్చున్నట్టు ఉంటుంది. మిగతా ఏ ఓడకీ ఈ హక్కు లేదు. డెస్ట్రాయర్ ఉన్న జోన్‌లోకి మాత్రం ఆ కదలికలో పోకూడదు.

పోరుకు ముందు కదలికలో వెళ్లి శత్రువు యుద్ధనౌకలున్న జోన్‌లో ఆగితే అది దాడే. ఊరికే చూసి పోదామని వచ్చానంటే ఎవరూ ఒప్పుకోరు.

సర్‌ప్రైజ్ స్ట్రైక్ అంటే ఏమిటి? అందరితో పాటే కదా కాల్చేది?

కాదు. శత్రువు వైపు డెస్ట్రాయర్ లేకపోతే సబ్‌లు అందరికన్నా ముందు పాచికలు వేస్తాయి. ఆ దెబ్బకు పోయిన ఓడ అక్కడికక్కడే బల్ల మీంచి తీసేయాలి. దానికి ఎదురు కాల్చే అవకాశం ఉండదు. దాడి చేసే సబ్‌కే కాదు, కాచుకునే సబ్‌కీ ఇది ఉంది. కాకపోతే కాచుకునేటప్పుడు 1 పడితేనే దెబ్బ.

ఒక్క క్రూజర్ మీదికి రెండు సబ్‌లు వెళ్లాయనుకోండి. ధర చూస్తే రెండు వైపులా 12 రూపాయలే. మొదటి విసురులోనే కనీసం ఒక్క 2 గానీ 1 గానీ పడే అవకాశం తొమ్మిదింట ఐదు పాళ్లు, అంటే నూటికి 55 పైచిలుకు. పడిందా, క్రూజర్ ఒక్క గుండూ పేల్చకుండానే మునిగిపోయినట్టు. అదే పోరు మామూలు పద్ధతిలో జరిగితే మునిగే క్రూజర్ కూడా పోతూ పోతూ ఒక పాచిక వేస్తుంది, సగానికి సగం అవకాశంతో ఒక సబ్‌ని తీసుకుపోతుంది. తేడా అంతా అక్కడే ఉంది.

డెస్ట్రాయర్ ఉంటే ఏం మారుతుంది? ఒక్కో సబ్‌కి ఒక్కో డెస్ట్రాయర్ కావాలా?

ఒక్కటి చాలు. ఎదురుగా ఎనిమిది సబ్‌లున్నా ఒక్క డెస్ట్రాయర్ అందరి ఆటా కట్టేస్తుంది. ముందుగా కాల్చడం పోతుంది, మునిగి తప్పుకోవడం పోతుంది, విమానాలకు కనపడకుండా ఉండటమూ పోతుంది. అప్పుడు సబ్ మామూలు ఓడలా అందరితో పాటే కాలుస్తుంది. దెబ్బ తగిలిన ఓడ కూడా ఎదురు కాలుస్తుంది.

కానీ ఈ ప్రశ్న పోరు మొదట్లో ఒక్కసారి అడిగి వదిలేసేది కాదు. ప్రతి రౌండుకీ (రెండు వైపులా ఒకసారి పాచికలు వేస్తే ఒక రౌండు) అడగాలి. దీన్ని మర్చిపోయి మా బావ పోగొట్టుకున్న బ్యాటిల్‌షిప్ కథ చెప్తాను.

బావది బ్రిటన్. అట్లాంటిక్‌లో ఒక బ్యాటిల్‌షిప్, పక్కన ఒక డెస్ట్రాయర్. మా ఇంటికొచ్చే పాలిటెక్నిక్ మాస్టారు జర్మనీ, మూడు సబ్‌లతో దాడికొచ్చారు. మొదటి రౌండులో డెస్ట్రాయర్ ఉంది కాబట్టి అంతా మామూలే. మాస్టారికి 2, 5, 1 పడ్డాయి, రెండు దెబ్బలు. బావ తిరిగి కాల్చాడు. బ్యాటిల్‌షిప్‌కి 3 పడింది, తగిలింది. డెస్ట్రాయర్‌కి 4 పడింది, గురి తప్పింది. మాస్టారి సబ్ ఒకటి బల్ల మీంచి పోయింది. ఇప్పుడు బావ తన రెండు దెబ్బలూ ఎక్కడ తీసుకోవాలి? ఒకటి బ్యాటిల్‌షిప్ మీద తీసుకుని బొమ్మని పక్కకి పడుకోబెట్టాడు. రెండోదానికి 20 రూపాయల ఓడ కన్నా 8 రూపాయలది పోతే మంచిదని డెస్ట్రాయర్ తీసేశాడు. మీసం దువ్వుకున్నాడు కూడా.

రెండో రౌండు. బావ పాచికలు చేతిలోకి తీసుకుంటున్నాడు. "ఆగండి బావగారూ, డెస్ట్రాయర్ ఎక్కడుంది?" అన్నారు మాస్టారు. లేదు. మిగిలిన రెండు సబ్‌లు ముందే కాల్చాయి. 6, 2. ఒక్క దెబ్బ చాలు. పడుకున్న బ్యాటిల్‌షిప్ ఇక లేవలేదు, పాచిక వేసే యోగమూ లేకపోయింది.

నిజం చెప్పాలంటే బావ చేసింది లెక్క ప్రకారం తప్పు కాదు. డెస్ట్రాయర్‌ని ఉంచుకున్నా ఆ రెండు సబ్‌ల చేతిలో అది పోయే అవకాశం కూడా తొమ్మిదింట ఐదే. ఆ విసురు గురి తప్పి ఉంటే బ్యాటిల్‌షిప్ 4 మీద ఎదురు కాల్చేది. ఆయన తప్పల్లా రెండో రౌండు కూడా మొదటి రౌండులాగే ఉంటుందనుకోవడం.

నా పక్కన మా కూటమి దేశం డెస్ట్రాయర్ ఉంది. అది నాకు పనికొస్తుందా?

కాచుకునేటప్పుడు పనికొస్తుంది, ఎందుకంటే ఆ జోన్‌లో ఉన్న స్నేహితులందరూ కలిసే కాచుకుంటారు. నువ్వు దాడి చేసేటప్పుడు పనికిరాదు. నీ టర్నులో వాళ్ల ఓడలు ఒడ్డున నిలబడి చూసేవాళ్లలాంటివి. బ్రిటన్ విమానాలు, అమెరికా డెస్ట్రాయర్ కలిసి సబ్‌ని వేటాడదామనుకుంటే కుదరదు.

సబ్ ఎప్పుడు మునగొచ్చు? మునిగితే ఏమవుతుంది?

ప్రతి రౌండు మొదట్లో, ముందుగా కాల్చే వంతు వచ్చినప్పుడు, కాల్చడానికి బదులుగా మునగొచ్చు. పాచిక వేశాక మునుగుతానంటే చెల్లదు. ముందు దాడి చేసినవాడు చెప్పాలి, తర్వాత కాచుకునేవాడు. ఎదుటివాడి డెస్ట్రాయర్ ఉంటే మునగడమే లేదు.

మునిగిన సబ్ ఆ పోరులోంచి తప్పుకున్నట్టు. కొట్టదు, దెబ్బ తినదు, అదే జోన్‌లో ఉంటుంది. దాడికి వచ్చి మునిగిన సబ్‌ని పోరు అయ్యాక ఇంకోచోటికి జరపడానికి లేదు, దాని కదలిక ఎప్పుడో అయిపోయింది.

మా కళింగపట్నం కుర్రాడికి మొదట్లో ఇది మింగుడుపడలేదు. వంశధార సముద్రంలో కలిసేచోట పుట్టి పెరిగినవాడు, ఇప్పుడు సరుకు ఓడల్లో పని చేస్తున్నాడు, సెలవుల్లో వచ్చినప్పుడే మాతో ఆట. "మునిగిపోయిందని సెప్పి మళ్లీ ఎలగొచ్చింది మాస్టారూ? మా ఊర్లో మునిగిందంటే వల కూడా దొరకదు" అన్నాడు. అప్పట్నుంచి మేం మునిగిన సబ్‌ని జోన్‌లోనే పక్కకి పడుకోబెట్టి, పోరు అయ్యాక లేపుతున్నాం. రూల్ పుస్తకంలో లేని అలవాటే గానీ గొడవలు తగ్గాయి.

ఒక చిక్కు గమనించండి. ఒక జోన్‌లో నీ సబ్, నీ ట్రాన్స్‌పోర్ట్‌లు కలిసి ఉన్నాయి. శత్రువు క్రూజర్ వచ్చింది. సబ్ మునిగి బతికిపోవచ్చు, కానీ ఆ తర్వాత ట్రాన్స్‌పోర్ట్‌లకి దిక్కుండదు. కాచేవాళ్లు లేని ట్రాన్స్‌పోర్ట్‌లన్నీ పాచిక వేయకుండానే పోతాయి.

రెండు వైపులా సబ్‌లే ఉంటే ఎవరు ముందు?

ఎవరి దగ్గరా డెస్ట్రాయర్ లేకపోతే ఇద్దరూ ఒకేసారి ముందుగా కాలుస్తారు, ఆ తర్వాతే పోయినవి తీస్తారు. ఒక్కరి దగ్గరే డెస్ట్రాయర్ ఉంటే వాళ్ల సబ్‌లు ముందు కాలుస్తాయి, అవతలివి అందరితో పాటు. ఇటువైపు ఉన్నది, అటువైపు ఉన్నది విడివిడిగా చూడాలి.

విమానాలు సబ్‌ని కొట్టలేవంటారేమిటి? బాంబర్ ధర 12 రూపాయలు!

తన వైపు డెస్ట్రాయర్ పోరులో ఉంటేనే విమానం దెబ్బ సబ్‌కి తగులుతుంది. లేకపోతే నాలుగు ఫైటర్లు, రెండు బాంబర్లు పంపినా అవి సబ్‌ని ఏమీ చేయలేవు. సబ్ కూడా విమానాన్ని ఎప్పుడూ కొట్టలేదు, దీనికి మినహాయింపే లేదు. విమానాల పాచికలు, ఓడల పాచికలు విడివిడిగా వేయండి. ఒక క్రూజర్, రెండు ఫైటర్లు కలిసి సబ్ మీదికి వెళ్తే క్రూజర్ వేసిన పాచికే లెక్క.

ఇది నాకు నచ్చని రూల్ అని చెప్పక తప్పదు. అసలు యుద్ధంలో సబ్‌మెరైన్లకు విమానమంటే ప్రాణభయం. ఆ కాలం సబ్‌మెరైన్ ఎక్కువసేపు నీటి పైనే డీజిల్ ఇంజన్ల మీద తిరిగేది. నీటి అడుగున బ్యాటరీ మీద నెమ్మదిగా పోయేది, అది కూడా కొంతసేపే. పైకి వచ్చినప్పుడు విమానం కంట పడితే అంతే. 1943 మే నెలలో జర్మనీ 40కి పైగా సబ్‌మెరైన్లు పోగొట్టుకుంది, వాటిలో చాలావాటిని ముంచింది విమానాలే. ఆటలో మాత్రం డెస్ట్రాయర్‌కి ఒక పని కల్పించాలి కదా, లేకపోతే ఎవడూ కొనడు. విమానం కళ్లు, డెస్ట్రాయర్ చెవులు అని సర్దిచెప్పుకుంటున్నాను.

సబ్ ఉన్న జోన్ నుంచి సైన్యాన్ని ఒడ్డుకు దించొచ్చా?

దీని మీద ఒక సాయంత్రమంతా పోయింది మాకు. శత్రువు సబ్ ఒక్కటే ఉంటే ఆ జోన్ ఖాళీ కిందే లెక్క అన్నాను కదా, ఇక్కడ మాత్రం చిన్న మెలిక ఉంది. సబ్‌ని పట్టించుకోకుండా సైన్యాన్ని శత్రువు నేల మీదికి దించాలంటే ట్రాన్స్‌పోర్ట్‌తో పాటు నీ సొంత యుద్ధనౌక కనీసం ఒక్కటి ఆ జోన్‌లో ఉండాలి. కాపలా లేని ట్రాన్స్‌పోర్ట్ ఒంటరిగా వెళ్లి దించలేదు. స్నేహితుడి ఓడ కాపలాగా చెల్లదు.

కాపలా ఓడ ఉంటే నీకు రెండు దారులు. సబ్‌ని వదిలేస్తే సముద్రంలో పోరు లేనట్టు, కాబట్టి నీ బ్యాటిల్‌షిప్, క్రూజర్ ఒడ్డు మీదికి గుళ్లు కురిపించొచ్చు. దించిన సైనిక బొమ్మలెన్నో అన్ని ఓడలకే ఆ అవకాశం. సబ్‌తో పోరుకు దిగితే మాత్రం ఆ కాల్పులు పోతాయి. సబ్ ఎలాగూ మునిగి తప్పుకుంటుంది, నీకు కాల్పులూ పోతాయి. డెస్ట్రాయర్ లేకపోతే వదిలేయడమే మేలు.

కాలువల సంగతి?

సూయజ్ దాటాలంటే ఈజిప్ట్, ట్రాన్స్‌జోర్డాన్ రెండూ నీ టర్ను మొదలయ్యేసరికే నీ వైపు ఉండాలి. ఈ టర్నులో గెలుచుకుని ఈ టర్నులోనే దాటడం కుదరదు. సబ్‌కి కూడా మినహాయింపు లేదు. ఎంత కనపడకపోయినా కాలువలో దాక్కోలేదు కదా.

ఓడిపోతున్నానని తెలిస్తే పారిపోవచ్చా?

దాడి చేసినవాడు రౌండు అయ్యాక వెనక్కి తగ్గొచ్చు. మిగిలిన ఓడలన్నీ కలిసి ఒకే జోన్‌కి వెళ్లాలి, వాటిలో ఒక్కటైనా అక్కడి నుంచి వచ్చి ఉండాలి. కాచుకునేవాడికి ఆ అవకాశం లేదు, ఉన్నది సబ్‌లకు మునగడమే.

శత్రువు ఓడలు నా రేవు ముందే తిష్ట వేశాయి. కొత్త ఓడలు అక్కడ దించొచ్చా?

దించొచ్చు. కొత్తవి పెట్టేది పోరు అయిపోయాక కాబట్టి ఆ టర్నులో ఏమీ జరగదు. వాళ్ల వంతు వచ్చినప్పుడు జరుగుతుంది.

క్యారియర్ మీది విమానాలు?

క్యారియర్ మీద రెండు ఫైటర్లు పడతాయి. నీ ఫైటర్లు క్యారియర్ కదలకముందే లేచి వేరుగా ఎగరొచ్చు. దాని మీదున్న స్నేహితుడి ఫైటర్ నీ టర్నులో సరుకే. సబ్‌లు క్యారియర్‌ని ముంచితే పైన ఎగిరే ఫైటర్లు బతికే ఉంటాయి గానీ, డెస్ట్రాయర్ లేకపోతే ఆ సబ్‌ల మీద పగ తీర్చుకోలేవు. జపాన్ ఆడేవాళ్లు క్యారియర్ పక్కన డెస్ట్రాయర్ లేకుండా ఎక్కడికీ పంపకండి. ఎనిమిది రూపాయలు మిగుల్చుకోబోయి ముప్పై నాలుగు రూపాయల సరంజామా దిక్కులేకుండా చేసుకున్నవాడిని నేను.

జర్మనీ అన్నీ సబ్‌లే కొంటే గెలుస్తుందా?

దాడికి సబ్ అంత చవక ఇంకోటి లేదు. అయితే కాచుకోవడంలో ఒట్టి 1, ఒడ్డుని కాపాడలేదు, దారికి అడ్డం పడదు, విమానాన్ని కొట్టలేదు. పోనీ అవతలివాడు ఒక్క డెస్ట్రాయర్ కొని విమానాలు పక్కన పెట్టుకున్నాడంటే నీ సబ్‌ల గుంపు చేపల సంతే. నా లెక్కలో జర్మనీకి మొదటి రెండు టర్నుల్లో ఒకటో రెండో సబ్‌లు కొనడం బాగుంటుంది. బ్రిటన్ ప్రతిసారీ డెస్ట్రాయర్ మీద డబ్బు పెట్టాల్సి వస్తుంది, ఆ మేరకు సైన్యం తగ్గుతుంది. మాస్టారు దీనికి ఒప్పుకోరు. ఆయన రష్యా మీద ట్యాంకులే నమ్ముతారు.

మన తీరం మ్యాప్‌లో ఎక్కడుంది? మనకి ఈ యుద్ధంతో ఏం సంబంధం?

మ్యాప్‌లో ఇండియా అంతా ఒకే ముక్క, బ్రిటన్ చేతిలో ఉంటుంది. కళింగపట్నం, భీమిలి, బారువ అన్నీ దాని కుడి అంచున వేలు మోపినంత మేరలో ఇరుక్కుపోతాయి. కానీ ఆట మొదలయ్యే 1942 వసంతంలోనే మన సముద్రంలో నిజంగా యుద్ధం జరిగింది. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అవి లేచింది ర్యూజో అనే క్యారియర్ మీంచి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో 20కి పైగా సరుకు ఓడలు మునిగాయి. మా గదిలో జపాన్ ఆడేవాడు ఇండియా పక్క జోన్‌లోకి క్యారియర్ జరిపినప్పుడల్లా ఎవరో ఒకరు "విశాఖ జాగ్రత్త" అంటారు.

సబ్, డెస్ట్రాయర్ ఆట కూడా మనకి దూరం కాదు. 1971 డిసెంబర్ 3 రాత్రి తెల్లవారితే 4 అనగా పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ విశాఖ బయట మునిగిపోయింది. విక్రాంత్ అనే క్యారియర్ కోసం వెతుక్కుంటూ వచ్చింది, విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. హార్బర్ నుంచి బయటికి వెళ్తున్న రాజ్‌పుత్ అనే డెస్ట్రాయర్ డెప్త్ చార్జిలు (నీటి అడుగున పేలే బాంబులు) జారవిడిచింది. వాటివల్లే మునిగిందని మనవాళ్లు, కాదు దానంతటదే పేలిందని వాళ్లు ఇప్పటికీ చెప్తారు. నన్ను ఆశ్చర్యపరిచేది ఇంకొకటి. ఘాజీ అసలు అమెరికాలో డయాబ్లో పేరుతో తయారైన సబ్‌మెరైన్. రాజ్‌పుత్ అసలు బ్రిటన్‌లో రోథరమ్ పేరుతో తయారైన ఓడ. రెండూ రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటివే. అంటే మా బల్ల మీద ఒకే కూటమిలో ఉండే బొమ్మలు మన విశాఖ ముందు ఎదురెదురుగా నిలిచాయన్నమాట.

సబ్ లోపల ఎలా ఉంటుందో చూడాలంటే విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర ఉంది. శ్రీకాకుళం నుంచి పొద్దున్న బస్సెక్కితే సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. ఆ గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరుతూ, మనుషులు వంతులేసుకుని పడుకున్న ఇరుకు బల్లలు చూశాక, ఆరు రూపాయలకి సబ్ కొంటున్నప్పుడు నాకు కొంచెం మొహమాటంగా ఉంటుంది. కొంటాననుకోండి.

బొమ్మలు పోతే ఏం చేస్తారు?

పోయాయి. పిల్లలు ఎత్తుకుపోయినవి కొన్ని, సోఫా మింగినవి కొన్ని. జర్మనీకి ఇప్పుడు మూడు సబ్‌లే మిగిలాయి. తక్కువైన వాటి బదులు పలాస నుంచి తెచ్చిన జీడిపిక్కలు వాడుతున్నాం. బూడిద రంగులో వంకరగా నీటి మీద తేలుతున్నట్టే ఉంటాయి, బొమ్మల కన్నా అవే బాగున్నాయని మాస్టారు కూడా ఒప్పుకున్నారు. మునిగితే బోర్లా పెడతాం. ఒక్కటే షరతు, ఆట మధ్యలో ఆకలేసినా పగలగొట్టకూడదు. జీడి కారి అట్లాంటిక్‌లో ఇప్పటికే ఒక మచ్చ పడింది, అది మా బావ పనే.